మిల్లు సందు దరఖాస్తులు

కోతమిల్లు సందు,
సోమవారం

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి నెలైంది. జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. మిల్లులో కొత్త రంపం బిగించారు. రెండు వారాలు పొద్దు తెలియలేదు.

సంగతేమిటంటే, మన గడుగ్గాయికి, అదే నీ మేనకోడలికి, పశువైద్య కాలేజీలో సీటు వచ్చింది. అయిదేళ్ళ చదువు. ఉత్తరం వచ్చిన రోజు అది గంతులేమీ వేయలేదు. కాగితం రెండుసార్లు చదివి, ఎదురింటి మేక కుంటుతోందంటే కాలు చూడ్డానికి వెళ్ళిపోయింది. నీ మరదలు మాత్రం సందంతా తిరిగి చెప్పి వచ్చింది.

ఆ తర్వాతి వారం ఇంకో ఉత్తరం వచ్చింది. ఇది మీ ఆఫీసు నుంచి. ఫీజు సాయానికి మేం పెట్టిన దరఖాస్తు చూశారట, కుటుంబ ఆదాయాన్ని బట్టి అర్హత లేదట. కింద ఎవరిదో సంతకం, కోడి గీకినట్టుంది. కాలేజీవాళ్ళు అడిగిన మొత్తం మూడుసార్లు లెక్క చూసుకున్నాను. మిల్లులో మూడేళ్ళు కొలతలు రాసినా అంత రాదు. వచ్చే నెలాఖరుకి మొదటి విడత కట్టకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట.

నువ్వు ఆ ఆఫీసులోనే కిటికీ దగ్గర కూర్చుంటావు కాబట్టి అడుగుతున్నాను. అసలు సాయం అనేది ఎవరికి చేస్తారు? నిన్ను ఎవరి కాళ్ళూ పట్టుకోమనడం లేదు. పట్టుకోకు కూడా. కనుక్కుని చెప్పు చాలు.

మా యజమాని గడుగ్గాయిని ఆఫీసుగదిలో చీటీలు రాసే పనికి పంపమన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఏదీ తేలకపోతే అలాగే చేద్దామనుకుంటున్నాను. దానికింకా చెప్పలేదు.

తమ్ముడు


సైకిళ్ళ షాపు మేడ,
గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

రంపం బిగించిన సంగతి ముందు, పిల్లకి సీటు వచ్చిన సంగతి తర్వాత. నీ వరస మారదు. గడుగ్గాయికి చెప్పు, అత్త ఆ ఉత్తరం చదివి కింద షాపులో వాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా నవ్విందని.

ఇప్పుడు చెప్పేది తీరిగ్గా కూర్చుని చదువు. మరదలికీ వినిపించు.

కాలేజీవాళ్ళు రాసిన మొత్తం చూసి బెదరకు. అది గోడమీద రాసిన ధర లాంటిది. అందరూ అంతా కట్టరు. అందులోంచి సాయం తీసేస్తే మిగిలేది నీ వంతు. సాయం మూడు రకాలు. ఒకటి ఊరికే ఇచ్చేది, తిరిగి కట్టక్కర్లేదు. ఇంటి ఆదాయం ఎంత తక్కువైతే ఇది అంత ఎక్కువ వస్తుంది. ఇంకొకటి పిల్ల కాలేజీలోనే రోజుకి రెండు గంటలు పని చేస్తే ఇచ్చేది. పశువుల కొట్టం కడగాలో, లైబ్రరీలో పుస్తకాలు సర్దాలో, ఏదో ఒకటి. మిగిలింది అప్పు. చదువయ్యాక వడ్డీతో కట్టాలి. మా కాగితంలో ఈ మూడూ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాలతో అచ్చువేస్తారు. అప్పుని కూడా సాయమే అంటారు. కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది మూడూ కలిపి చూసుకుని ఎంత ఇస్తున్నారో అని సంబరపడి సంతకం పెట్టి పోతారు. రెండేళ్ళకి ఏడుస్తూ తిరిగొస్తారు. అందుకే నేను ప్రతి కాగితం మీదా అప్పు ఉన్నచోట పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి ఇస్తాను. మా సూపరింటెండెంటుకి అది గిట్టదు. కాగితం పాడవుతుందట.

నెలకి పన్నెండు వేలు దాటిన ఇంటికి ఊరికే ఇచ్చే సాయం రాదు. నీ జీతం ఎంతో నువ్వు నాకు ఏనాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ నీ ఇంటి పైకప్పు చూసినదాన్ని. పన్నెండు దాటదు. మరి అర్హత లేదని ఎందుకొచ్చింది? ఫారం మూడో పేజీలో నువ్వేం రాశావు? ఉన్నదున్నట్టు చెప్పు.

మా ఆఫీసు ఉత్తరం వెనక్కి తిప్పి చూడు. చీమ తలకాయంత అక్షరాలుంటాయి. నలభై రోజుల్లోగా మళ్ళీ చూడమని అడగొచ్చు. అలా అడిగినట్టు రసీదు చూపిస్తే కాలేజీవాళ్ళు తీర్పు వచ్చేదాకా సీటు ఆపాలి. ఇది నేను నీమీద ప్రేమతో చెప్తున్నది కాదు. రూలు.

చీటీల పని మాట ఇంకోసారి ఎత్తకు.

అక్క


కోతమిల్లు సందు,
ఆదివారం

అక్కకి,

ఉత్తరం అందింది. మూడో పేజీలో ఏం రాశానో గుర్తులేదు. ఫారం పెట్టి మూడు నెలలైంది. ఇక్కడ రోజుకి యాభై దుంగల కొలతలు రాస్తాను. అన్నీ గుర్తుంటాయా?

పైకప్పు సంగతి ఎత్తావు. దాన్ని కిందటి నెలే బాగుచేయించాను.

వెనకవైపు అక్షరాలు చదివాను. మళ్ళీ చూడమని అడగాలంటే మా ఇంట్లో ఇంతే ఉంది, మాకు లేదు అని రాసివ్వాలి. అది నావల్ల కాదు. మన నాన్న ఎవరినీ ఏదీ అడక్కుండానే మనల్ని పెంచాడు. పిల్ల ఏడాది పని చేస్తే చేతిలో నాలుగు డబ్బులు పడతాయి, వచ్చే ఏడు చూసుకోవచ్చు. నువ్వు కష్టపడి రాసినందుకు సంతోషం. ఇక దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

తమ్ముడు

అత్తా, కింద ఇది నేను రాస్తున్నాను. నాన్న స్టాంపు కోసం వెళ్ళాడు, కవరు ఇంకా అంటించలేదు. గుర్తులేదన్నది అబద్ధం. మూడో పేజీ నా ముందే రాశాడు. నెలకి పదహారు వేలు అని రాశాడు. చేతికొచ్చేది తొమ్మిది. ఎందుకలా అంటే, దుంగ కొలత ఎప్పుడూ ఎక్కువే రాయాలి, కొనేవాడు బెరడనీ పగులనీ మూడోవంతు కోత కొడతాడు, ఆఫీసువాళ్ళూ అలాగే కొడతారు అన్నాడు. పైగా ఏమీ లేదని చెప్పుకునేవాడిని నమ్మి ఎవరూ ఏమీ ఇవ్వరట. ఇంకో సంగతి. చేతిరాత బాగుంటుందని సందులో ఇంకో అయిదిళ్ళకి నాన్నే ఫారాలు నింపాడు. అందరికీ అలాగే కలిపి రాశాడు. అందరికీ అర్హత లేదనే వచ్చింది. ఎందుకొచ్చిందో వాళ్ళకి తెలియదు. నీ ఉత్తరం చదివాక నాన్నకి తెలిసింది. రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. నేను చెప్పానని చెప్పొద్దు. చెప్పినా ఫర్వాలేదు. చీటీల పనికి నేను వెళ్ళను. ఆ సంగతి యజమాని భార్య చెబితే తెలిసింది, నాన్న చెప్పలేదు.


సైకిళ్ళ షాపు మేడ,
బుధవారం

తమ్ముడికి,

నీ కూతురు చెప్పింది. చెప్పొద్దంది, చెప్పినా ఫర్వాలేదంది, రెండోదే నాకు నచ్చింది. దాన్ని ఒక్క మాట అన్నావంటే ఊరుకోను.

కొలత ఎక్కువ రాసేది అమ్మేటప్పుడు. ఇది అమ్మకం కాదురా. ఇక్కడ ఎవరూ కోత కొట్టరు. నువ్వు పదహారు అంటే పదహారే అనుకుంటారు, నువ్వు గొప్పవాడివని సంతోషించి పక్కన పెట్టేస్తారు. నీ ఒక్కడి ఇంటి సంగతైతే తిట్టి వదిలేసేదాన్ని. ఆరు ఇళ్ళు. ఆరుగురు పిల్లలు. నువ్వు వాళ్ళకి చెడు చేద్దామని రాయలేదని నాకు తెలుసు. ఆ మాట వాళ్ళ ఫీజు కట్టదు.

నాన్న ఎవరినీ అడగలేదన్నావు. నిజమే. నేను పదో తరగతి పాసైన ఏడు బడి నుంచి ఇలాంటి ఫారమే ఒకటి వచ్చింది. నువ్వప్పుడు నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నావు. నాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి, గాలికి కొట్టుకుంటోందని కిటికీ రెక్క కింద దోపాడు. ఆ ఏడంతా అక్కడే ఉంది. నేను రోజూ ఆ కిటికీ తీసి వేశాను. తొమ్మిదేళ్ళ తర్వాత సొంత జీతంతో మిగతా చదువు చదువుకున్నాను. నాన్న ఎవరినీ అడగకపోవడం ఎంత గొప్పో నువ్వు నాకు చెప్పకు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. అయిదిళ్ళవాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి జరిగింది చెప్పు. ఇంటింటికీ వెళ్ళి చెప్పకు. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట చెప్తావు, నాకు నువ్వు తెలుసు. తర్వాత మీ యజమాని దగ్గర అందరికీ అసలు జీతంతో సర్టిఫికెట్లు రాయించుకో. అవి జతచేసి మళ్ళీ చూడమని అడుగుదాం. ఇంకా ఇరవై ఎనిమిది రోజులున్నాయి.

అక్క


కోతమిల్లు సందు,
శనివారం

అక్కకి,

చెప్పాను. కలప ఆరబెట్టే షెడ్డులో, మధ్యాహ్నం పని ఆపాక. ముందు రోజంతా ఎలా మొదలెట్టాలా అని ఆలోచించాను, అక్కడికి వెళ్ళాక ఆలోచించిన ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు. మీ ఫారాలు తిరిగి రావడానికి కారణం నేను అన్నాను. మిగతాది దానంతటదే వచ్చింది.

లారీ డ్రైవరు తన ఫారంలో ఎంత రాశానని అడిగాడు. పదిహేడు వేలు అన్నాను. ఆ కాగితం తనకిచ్చేయమన్నాడు, ఫ్రేము కట్టించి ఇంట్లో పెడతాడట, వాళ్ళావిడకి తనమీద కాస్త గౌరవం వస్తుందట. అందరూ నవ్వారు. నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు. పొట్టు ఎత్తే పెద్దమ్మ నవ్వలేదు. తెలుసుగా, మనవణ్ణి ఒక్కతే పెంచుతోంది. వాడికి కరెంటు పని నేర్పే కాలేజీలో సీటు వచ్చింది. వెళ్ళిపోతూ నా దగ్గర ఆగింది.

"నేను చదవలేను కదా బాబూ. నువ్వు రాశావని వేలిముద్ర వేశాను."

అంతే అంది. తిట్టలేదు.

సాయంత్రం యజమాని దగ్గరికి వెళ్ళాను. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. సర్టిఫికెట్టు రాసిస్తాను కానీ రిజిస్టరులో ఉన్నదే రాస్తానన్నాడు. నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. రిజిస్టరులో నా పేరు పక్కన పదిహేను వేలు ఉంటుంది. గవర్నమెంటు అంత ఇవ్వాలంటుంది కాబట్టి అంత రాస్తాడు. పదకొండేళ్ళుగా ప్రతి నెలా ఆ అంకె పక్కన సంతకం పెట్టి తొమ్మిది తెచ్చుకుంటున్నాను. మిల్లులో అందరిదీ అదే వరస. ఎవరూ పైకి అనరు. తొమ్మిదని రాసిస్తే తన మెడకి చుట్టుకుంటుందన్నాడు. నీ కూతురికి పని చూపించాను, ఇంకేం కావాలి నీకు అన్నాడు. టీ తాగి వచ్చేశాను.

ఇంక దారి లేదక్కా. నేను రాసింది పదహారు, ఆయన రాసింది పదిహేను. తొమ్మిదని చెప్పే కాగితం ఈ లోకంలో ఎక్కడా లేదు. గడుగ్గాయి నాతో మాట్లాడటం లేదు. కంచం ముందు పెట్టి వెళ్ళిపోతుంది. 

తమ్ముడు


సైకిళ్ళ షాపు మేడ,
మంగళవారం

తమ్ముడికి,

కాగితం లేకపోతే నోరు ఉంది.

మా రూలు పుస్తకంలో పద్నాలుగో నిబంధన ఒకటుంది. పనిచ్చేవాడు ఉన్నదున్నట్టు రాసివ్వకపోతే, ఆ కుటుంబం ముగ్గురు సభ్యుల కమిటీ ముందుకి వచ్చి, తమకి చేతికి ఎంత వస్తుందో నోటితో చెప్పొచ్చు. అదే చోట పనిచేసే ఇద్దరు అవునని సాక్ష్యం చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు కమిటీ రాసుకుని తీరాలి. ఇరవై ఏళ్ళలో దీన్ని వాడుకున్నవాళ్ళు ముగ్గురే. ఎందుకంటే దీన్ని బోర్డు మీద రాయరు, ఫారంలో అచ్చువేయరు. తెలిస్తే జనం వరస కడతారని మా సూపరింటెండెంటు భయం. అసలు వరస కట్టడానికే కదా ఆ కిటికీ ఉన్నది.

మీ ఆరిళ్ళవాళ్ళూ ఒకే మిల్లు. ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకోవచ్చు.

దాచకుండా ఒకటి చెప్తున్నాను. మీరు చెప్పింది రికార్డులోకి వెళ్తుంది. ఒక కాపీ కార్మిక శాఖకి పోతుంది. మీ యజమానికి తెలుస్తుంది. ఆయన ఊరుకుంటాడని నేను మాటివ్వలేను. అందరికీ ఈ ముక్క ముందే చెప్పు, ఆ తర్వాతే రమ్మను. ఈసారి ఎవరి తరఫునా నువ్వు నిర్ణయించకు. దరఖాస్తులు మాత్రం ఎవరైనా ఒకరు వచ్చి ఇచ్చి రసీదులు తీసుకోవాలి. పోస్టులో పంపకండి, ఇక్కడ పోస్టులో వచ్చినవి నిమ్మళంగా పోతుంటాయి.

నా సంగతి నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నాను. బాగానే ఉన్నాను. ఈమధ్య కాస్త చల్లగా ఉండేచోట కూర్చుంటున్నాను. జనం తాకిడి లేదు. పాత రూలు పుస్తకాలు తిరగేయడానికి తీరిక దొరికింది.

అక్క


కోతమిల్లు సందు,
శుక్రవారం

అక్కకి,

నేను మూడో పేజీ దాచానని ఎన్ని మాటలన్నావు? ఇప్పుడు నా వంతు.

గడుగ్గాయి నిన్న లారీలో వచ్చి ఆరు దరఖాస్తులూ ఇచ్చింది. నాలుగో కిటికీ దగ్గర అత్త ఉంటుందని వెళ్తే అక్కడెవరో కుర్రాడు కూర్చుని, ఆవిడ ఇక్కడ లేరు, కింద రికార్డు గదిలోకి వేశారు అన్నాడట. అది మెట్లు దిగి వచ్చి చూస్తే, నువ్వు కిటికీ లేని గదిలో స్టూలు మీద కూర్చుని ముక్కుకి గుడ్డ కట్టుకుని దుమ్ము కొట్టిన ఫైళ్ళు కట్టలు కడుతున్నావట. నెల కావస్తోందట. చల్లగా ఉండేచోట అంటే ఇదా? నాన్నకి చెప్పకు అన్నావట. నీ మేనకోడలి నోట్లో మాట దాగదని నీకు తెలియదా? ఎందుకు వేశారో అది అడిగితే ఫైళ్ళు సర్దమన్నావట.

ఇక్కడి సంగతి. పద్నాలుగో నిబంధన అందరికీ చెప్పాను. కార్మిక శాఖ సంగతి, యజమాని సంగతి, అంతా. ఇద్దరు వెనక్కి తగ్గారు. పెద్దమ్మ వాళ్ళని చూసి, నాకు పోవడానికి పొట్టు బుట్ట తప్ప ఏముంది, మీకు మాత్రం ఏముంది అని అడిగింది. మర్నాడు పొద్దున వాళ్ళూ వచ్చి వేలిముద్ర వేశారు. ప్రతి కాగితం గడుగ్గాయి గట్టిగా చదివి వినిపించింది, విన్నాకే వేయనిచ్చింది. నా కాగితం కూడా నాకు చదివి వినిపించింది. నేను చదవగలనే అంటే, చదవడం వచ్చినవాళ్ళే ఇదంతా చేశారు అంది. మొత్తానికి మాట్లాడింది.

రసీదులు కాలేజీలకి పంపాం. వచ్చే బుధవారం కమిటీ ముందుకి రమ్మన్నారు. అందరం లారీలో వస్తున్నాం. నిన్ను ఎందుకు కిందకి దింపారో ఆలోపు రాయి. రాయకపోతే ఆ గదికే వచ్చి అడుగుతాను.

తమ్ముడు


సైకిళ్ళ షాపు మేడ,
ఆదివారం

తమ్ముడికి,

పెద్ద కథేం లేదు. నీ మొదటి ఉత్తరం రావడానికి రెండు వారాల ముందు, కిటికీ పక్క గోడకి ఒక కాగితం అంటించాను. మూడు రకాల సాయం ఏమిటి, ఏది తిరిగి కట్టాలి, అర్హత లేదంటే ఏం చేయాలి, అంతా పెద్ద అక్షరాలతో రాశాను. సూపరింటెండెంటు చింపాడు. మర్నాడు ఇంకోటి అంటించాను. అదీ చింపాడు. నాలుగోసారి చింపేటప్పుడు, నీ పని ఫారాలు ఇవ్వడం, తీసుకోవడం అన్నాడు. అర్థం కాని ఫారం ఇచ్చినా ఒకటే ఇవ్వకపోయినా ఒకటే అన్నాను. అయిదోది అంటించాను. గడుగ్గాయికి సీటు ఉత్తరం వచ్చిన వారం నన్ను కిందకి పంపారు. నీకు చెబితే నన్ను చూసి వెనక్కి తగ్గుతావని చెప్పలేదు. తప్పే. దాచడంలో మనిద్దరం ఒక తల్లి పిల్లలమే.

బుధవారం నేను పైకి రాకూడదు. రికార్డు గది వాళ్ళు విచారణ గదిలోకి రావడం నిషేధమని నిన్ననే సర్క్యులరు వచ్చింది, రికార్డు గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. కాబట్టి నీ పక్కన ఎవరూ ఉండరు. ముగ్గురుంటారు. మధ్యలో సూపరింటెండెంటు, ఒక పక్క కార్మిక శాఖాయన, ఇంకో పక్క ఒక కాలేజీ టీచరమ్మ. సూపరింటెండెంటు నీ పాత సంతకం చూపించి నువ్వు అబద్ధాలకోరువని తేల్చాలని చూస్తాడు. వంగి దండాలు పెట్టకు. ఎక్కువ మాట్లాడకు. ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు, ఆగు.

అక్క


కోతమిల్లు సందు,
శుక్రవారం

అక్కకి,

బుధవారం నిన్ను కలవకుండానే వచ్చేశాం. లారీ ఖాళీ చేసి ఇవ్వాలని తొందర. కింద మెట్ల దగ్గరికి వస్తే తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఉంది. భోజనానికి వెళ్ళావన్నారు. అందుకే అంతా రాస్తున్నాను.

బెంచీ మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. ముందు నన్నే పిలిచారు. నువ్వు చెప్పినట్టే సూపరింటెండెంటు పాత ఫారం తీసి నా సంతకం మీద వేలు పెట్టాడు. ఇందులో పదహారు అన్నావు, మీ యజమాని రిజిస్టరులో పదిహేను ఉంది, ఇప్పుడొచ్చి తొమ్మిది అంటున్నావు, ఈ మూడింటిలో మేం ఏది నమ్మాలి అన్నాడు. వెనక అయిదిళ్ళవాళ్ళూ నిలబడి ఉన్నారు. నీ మరదలుంది. గడుగ్గాయి ఉంది. నా జీతం ఎంతో నేను నా పెళ్ళాం ముందు కూడా పూర్తిగా చెప్పినవాణ్ణి కాదు. నీళ్ళు అడుగుదామనుకుని మానేశాను.

"పదహారు నేను గొప్పకి రాశాను. పదిహేను ఆయన భయానికి రాసుకున్నాడు. తొమ్మిది నా చేతికి వస్తుంది. ఇంటికి పట్టుకెళ్ళేది అదొక్కటే."

అని ఆగాను. కార్మిక శాఖాయన పెన్ను తీశాడు. అప్పటిదాకా తీయలేదు.

మిగతా అయిదుగురికీ కూడా తప్పు రాసింది నేనే, వాళ్ళు చదవకుండా నన్ను నమ్మారు, దానికి ఏం శిక్ష ఉన్నా నాకే వేయండి అని కూడా చెప్పాను. నువ్వు ఎక్కువ మాట్లాడొద్దన్నావు, కానీ అది చెప్పకుండా ఉండలేకపోయాను.

పెద్దమ్మని పిలవకముందే ముందుకొచ్చింది. బస్తాకింత చొప్పున నెలంతా ఎత్తితే అయిదున్నర వేలు, వానల్లో అదీ ఉండదు, రాసుకో తల్లీ అని టీచరమ్మతో అంది. టీచరమ్మ రాసుకుని, సరిగ్గా రాశానా అని చదివి వినిపించింది. లారీ డ్రైవరు వంతు వచ్చేసరికి సూపరింటెండెంటుకి ఒళ్ళు మండింది. పద్నాలుగో నిబంధన మీకెవరు చెప్పారని అడిగాడు. అచ్చువేసింది మీరే కదండీ, మేం చదవకూడదని మాకు తెలియదు అన్నాడు డ్రైవరు. టీచరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడానికనుకుంటా.

ఆరుగురం ఒకరి తర్వాత ఒకరం చెప్పాం. ఒకరు చెప్తుంటే ఇద్దరు పక్కన నిలబడి అవునన్నారు. తీర్పు పోస్టులో వస్తుందన్నారు.

గురువారం పొద్దున మిల్లుకి వెళ్తే గేటు దగ్గరే కాపలావాడు, నిన్ను లోపలికి రానివ్వొద్దన్నారు అని చెప్పాడు. యజమాని నన్నొక్కణ్ణే తీశాడు. మిగతావాళ్ళని తీస్తే మిల్లు ఆగిపోతుంది. మధ్యాహ్నం యజమాని ఆ కాపలావాడితోనే కబురు పంపాడు. ఆ మాట పొరపాటున అన్నానని కాగితం రాసిస్తే మళ్ళీ తీసుకుంటాడట. నీ మరదలు తలుపు దగ్గర నిలబడి విని, కాగితాలు రాయడం మా ఆయన మానేశాడని చెప్పమని వాణ్ణి పంపించేసింది.

నాకు రంపం పళ్ళకి పదును పెట్టడం వచ్చు. వడ్రంగులు ఇద్దరు అప్పుడే తెచ్చి ఇచ్చారు. ఇంటి ముందు ఒక మొద్దు వేసుకుని కూర్చున్నాను. చేతి నిండా పని లేదు కానీ ఎవరి గేటూ లేదు.

నువ్వు అయ్యో అని రాయకు.

తమ్ముడు

ఇంకో ముక్క. క్వారీ సందు నుంచి ఇద్దరు తల్లులు వచ్చి, మా పిల్లల ఫారాలు కూడా తిరిగొచ్చాయి, మీరేం చేశారో చెప్పండి అన్నారు. నాకు తెలిసింది చెప్పాను. తెలియనివి నిన్ను అడిగి చెప్తానన్నాను.


సైకిళ్ళ షాపు మేడ,
గురువారం

ఒరేయ్ తమ్ముడూ,

అయ్యో అని రాయడం లేదు.

తీర్పు మీకు రేపో ఎల్లుండో అందుతుంది. కాపీలు ఫైలు చేయడానికి రికార్డు గదికే వస్తాయి కాబట్టి నేను ముందే చూశాను. ఆరూ ఒప్పుకున్నారు. ఇద్దరు ఔనని, ఒకరు కాదని. కాదన్నది ఎవరో చెప్పక్కర్లేదు. గడుగ్గాయికి ఫీజులో ఎక్కువభాగం ఊరికే ఇచ్చే సాయం కింద వచ్చింది. మిగతాది కాలేజీ పశువుల కొట్టంలో పని చేసి తెచ్చుకోవాలి. అప్పు ఒక్క పైసా లేదు. పెద్దమ్మ మనవడికి అంతా ఊరికే వచ్చింది. డ్రైవరు కొడుక్కి కొంచెం అప్పు చూపించారు. దాన్ని తీసుకోవాలని ఏమీ లేదు, వద్దని గీత కొట్టి సంతకం పెట్టొచ్చు. ఈ సంగతి వాళ్ళకి చెప్పు, కాగితంలో ఎక్కడా ఉండదు. నీ ఉద్యోగం పోయిన సంగతి కూడా ఆఫీసుకి రాసిపెట్టు. ఆదాయం మారితే సాయం మళ్ళీ లెక్క కట్టాలి. అది పదిహేడో నిబంధన.

నీ మీద ఏ శిక్షా వేయలేదు. టీచరమ్మ ఒక వాక్యం రాసింది, తప్పు తానే ఒప్పుకున్న మనిషి మిగతా మాట నమ్మదగ్గది అని. దాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత ఫైలు కట్టేశాను.

నాకొక మెమో ఇచ్చారు. కార్యాలయ నిబంధనలు బయటివారికి వెల్లడించినట్టు తెలిసింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి అని. పక్క గది పెద్ద గుమస్తా వచ్చి నాకు మంచి చెప్పాడు. నాకేమీ తెలియదని రెండు ముక్కలు రాసిస్తే సరిపోతుందట, ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతావు, ఎందుకొచ్చిన గొడవ అన్నాడు. ఆయన నిజంగానే నా మంచి కోరి అన్నాడు. టీ ఇప్పించి పంపాను.

నేను రాసిచ్చింది ఇది, అక్షరం పొల్లుపోకుండా: "వెల్లడించాను. పద్నాలుగో నిబంధన ఆరు కుటుంబాలకి చెప్పాను. ఈ నిబంధనలు వాళ్ళ కోసం రాసినవి. అడిగినవాళ్ళందరికీ మిగతావి కూడా చెప్తాను." కింద సంతకం పెట్టి, తేదీ వేసి, కాపీ ఒకటి ఇన్‌వార్డులో ఇచ్చి నంబరు వేయించుకున్నాను. ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ గదికంటే కిందకి ఈ బిల్డింగులో ఇంకో అంతస్తు లేదు.

ఈ ఆదివారం వస్తున్నాను, పొద్దున మొదటి బస్సుకి. క్వారీ సందు వాళ్ళని మీ సందుకి రమ్మను. ఆరబెట్టే షెడ్డు ఇక కుదరదు, డ్రైవరు వరండా అడుగు. ఫారాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి, ఎవరి అంకె వాళ్ళే చెప్పాలి. నువ్వు రాస్తావు, గడుగ్గాయి చదివి వినిపిస్తుంది, నేను పక్కన కూర్చుంటాను. మా సూపరింటెండెంటుకి కూడా ఫలానాచోట ఉంటానని రాసి ఇచ్చాను. వస్తే ఆయనకీ ఒక కుర్చీ వెయ్యి.

అక్క